టైసన్ గొప్పా, ఫోర్‌మన్ గొప్పా? రీల్‌లో కనిపించని సగం కథ

ఈ ఎపిసోడ్‌లో ఇద్దరు బాక్సర్ల గురించి మాట్లాడుకుందాం. ఒకరి పేరు మీ అందరికీ తెలుసు. రెండో ఆయన పేరు కొంతమందికే తెలిసి ఉంటుంది.

ముందు రెండు తేదీలు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. 1986 నవంబర్ 22, లాస్ వేగాస్. మైక్ టైసన్ అనే కుర్రాడు ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండ్‌లో పడగొట్టి హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వయసు 20 ఏళ్ళ 4 నెలలు. అంత చిన్న వయసులో ఆ టైటిల్ కొట్టినవాడు ఇప్పటిదాకా ఇంకొకడు లేడు.

రెండో తేదీ 1994 నవంబర్ 5. మళ్ళీ లాస్ వేగాసే. జార్జ్ ఫోర్‌మన్ అనే బట్టతల పెద్దమనిషి, తనకంటే దాదాపు 19 ఏళ్ళు చిన్నవాడైన మైకేల్ మూరర్‌ని పదో రౌండ్‌లో పడగొట్టి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. వయసు 45. అంత పెద్ద వయసులో ఆ టైటిల్ గెలిచినవాళ్ళూ ఇంకెవరూ లేరు.

అంటే అందరికంటే చిన్న ఛాంపియన్ ఒకరు, అందరికంటే పెద్ద ఛాంపియన్ ఒకరు. ఇద్దరూ ఒక్క పంచ్‌తో మ్యాచ్ ముగించగలిగినవాళ్ళే. మరి వీళ్ళిద్దరిలో ఎవరి లెగసీ గొప్పది?

ఒక మాట ముందే చెప్తాను. "ఇద్దరూ ఫామ్‌లో ఉన్నప్పుడు కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు" అనే చర్చకి తెల్లారిపోతుంది కానీ సమాధానం దొరకదు. ఆ మ్యాచ్ జరగలేదు, ఇక జరగదు. ఫోర్‌మన్ 2025 మార్చి 21న, 76 ఏళ్ళ వయసులో చనిపోయాడు. కాబట్టి ఈరోజు ప్రశ్న వేరు. చేతిలో అంత బలం ఉన్న ఇద్దరు మనుషులు, ఆ బలం పనిచేయని రోజు వచ్చినప్పుడు ఏం చేశారు? లెగసీ అనేది అక్కడే తేలుతుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, చివరిదాకా వినండి.

ఇద్దరిదీ ఒకటే వీధి

ఊర్లు వేరు గానీ వీళ్ళు పుట్టిన పరిస్థితి దాదాపు ఒకటే. ఫోర్‌మన్ 1949లో టెక్సాస్ రాష్ట్రంలోని మార్షల్ అనే ఊర్లో పుట్టాడు. పెరిగింది హ్యూస్టన్‌లో, ఫిఫ్త్ వార్డ్ అనే పేద నల్లజాతి పేటలో. బడి మానేశాడు, గొడవలు పడ్డాడు, దారిన పోయేవాళ్ళని కొట్టి డబ్బులు లాక్కున్నాడు. ఇది ఎవరో అన్నమాట కాదు, ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

టైసన్ 1966లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. పెరిగింది బ్రౌన్స్‌విల్ అనే పేటలో. చిన్నప్పుడు పావురాలంటే ప్రాణం. ఒకడు తన పావురాన్ని చంపాడని మొదటిసారి చెయ్యి చేసుకున్నానని టైసన్ చాలాసార్లు చెప్పాడు. పదమూడేళ్ళు వచ్చేసరికే చాలాసార్లు పోలీసులకి దొరికి, చివరికి బాలనేరస్తుల స్కూల్‌కి చేరాడు.

ఇద్దరినీ బయటికి లాగింది బాక్సింగే, కానీ లాగిన చెయ్యి వేరు. ఇది ముఖ్యం.

ఫోర్‌మన్‌ని లాగింది ఒక ప్రభుత్వ పథకం. 1960ల్లో అమెరికాలో పేద యువతకి పని నేర్పించడానికి జాబ్ కోర్ అని ఒకటి పెట్టారు. పదహారేళ్ళకి అందులో చేరాడు. అక్కడే డాక్ బ్రాడస్ అనే ఆయన ఈ కుర్రాడి సైజు చూసి గ్లవ్స్ తొడిగించాడు. మూడేళ్ళు తిరక్కుండానే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఫోర్‌మన్‌కి గోల్డ్ మెడల్.

టైసన్‌ని లాగింది ఒక మనిషి. కస్ డమాటో అని వయసు మళ్ళిన ట్రైనర్. న్యూయార్క్ రాష్ట్రంలోనే, క్యాట్‌స్కిల్ అనే చిన్న ఊర్లో జిమ్ నడిపేవాడు. టైసన్‌ని ఇంట్లో పెట్టుకున్నాడు, వాళ్ళమ్మ చనిపోయాక చట్టప్రకారం గార్డియన్ అయ్యాడు. భయం గురించి డమాటో ఎప్పుడూ ఒక పాఠం చెప్పేవాడు. భయం నిప్పు లాంటిది, అదుపులో ఉంటే అన్నం వండుతుంది, అదుపు తప్పితే ఇల్లు కాలుస్తుంది అనే అర్థంలో. ఆయన 1985 నవంబర్‌లో చనిపోయాడు. టైసన్ ఛాంపియన్ అవ్వడానికి దాదాపు ఏడాది ముందు. అప్పటికి టైసన్‌కి 19 ఏళ్ళు. ఈ విషయం మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఆ పంచ్‌లో అసలు ఏముంది?

బాక్సింగ్ కొత్తగా చూసేవాళ్ళ కోసం రెండు మాటలు. పంచ్ బలం కండల్లోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నేల నుంచి వస్తుంది. పాదం నేలని తంతుంది, నడుము తిరుగుతుంది, భుజం తిరుగుతుంది, చివర్లో పిడికిలి వెళ్ళి తగులుతుంది. చెయ్యి అనేది కొరడా చివర లాంటిది. ఇక నాకౌట్ ఎలా అవుతుందంటే, గడ్డం మీద పక్కనుంచి తగిలినప్పుడు తల ఒక్కసారిగా తిరిగిపోతుంది, దాంతో లోపల మెదడు కుదుపుకి గురవుతుంది. వచ్చే పంచ్ కనిపిస్తే మెడ బిగపట్టుకుంటాం. కనిపించకపోతే బిగపట్టే టైమే ఉండదు. అందుకే కనిపించని పంచ్ ప్రమాదకరం.

ఇప్పుడు టైసన్‌ని చూడండి. ఎత్తు 178 సెంటీమీటర్లు. హెవీవెయిట్‌లో అది పొట్టి కిందే లెక్క. అవతలివాడి చేతులు పొడుగు, దూరం నుంచే కొడతాడు. కాబట్టి టైసన్ లోపలికి దూరాలి. డమాటో నేర్పించిన స్టైల్‌ని పీకబూ అంటారు. రెండు గ్లవ్స్ బుగ్గలకి ఆనించి, తల అటూ ఇటూ ఊపుతూ, పంచ్‌ల కింద నుంచి జారుకుంటూ దూరిపోవడం. కిందికి వంగిన ప్రతిసారీ కాళ్ళు స్ప్రింగ్‌లా నొక్కుకుంటాయి. లేచేటప్పుడు ఆ బలమంతా పంచ్‌లోకి వెళ్తుంది. పైగా డమాటో జిమ్‌లో ప్రతి పంచ్‌కీ ఒక నంబర్ ఉండేది. కార్నర్ నుంచి నంబర్లు అరిస్తే టైసన్ ఆ వరసలో కొట్టేవాడు. ముందు పక్కటెముకల మీద కుడి హుక్, అవతలివాడు చెయ్యి కిందికి దించగానే అదే కుడి చేత్తో గడ్డానికి అప్పర్‌కట్. రీల్స్‌లో మీరు చూసే ఆ మెరుపు వెనక వేలసార్లు చేసిన డ్రిల్ ఉంది.

ఫోర్‌మన్ పద్ధతి దీనికి పూర్తిగా ఆపోజిట్. ఎత్తు 191 సెంటీమీటర్లు, చేతులు ఇంకా పొడుగు. స్పీడ్ తక్కువ. ముందు రింగ్‌లో దారులు మూసేస్తాడు, అవతలివాడిని మూలకి నెట్టుకుంటూ వెళ్తాడు. దగ్గరికి వస్తే రెండు చేతులతో భుజాలు పట్టి తోసి, తనకి కావాల్సిన దూరం పెట్టుకుంటాడు. తర్వాత రోకలి పోటులాంటి పంచ్‌లు వేస్తాడు. అది చేతుల మీద పడ్డా చేతులు నొప్పెట్టిపోతాయి. అప్పట్లో అందరూ భయపడే సోనీ లిస్టన్ అనే పాత ఛాంపియన్‌తో కుర్రతనంలో స్పారింగ్ చేశాడు ఫోర్‌మన్. ఆ మొరటుతనం, ఆ చూపు అక్కడ అబ్బినవే.

అంకెల్లో చూస్తే ఫోర్‌మన్ 81 మ్యాచ్‌లు ఆడి 76 గెలిచాడు, అందులో 68 నాకౌట్లు. టైసన్ 50 గెలిచాడు, అందులో 44 నాకౌట్లు. గెలిచినవాటిలో ఎన్ని నాకౌట్లు అని లెక్కేస్తే ఫోర్‌మన్‌కి 89 శాతం, టైసన్‌కి 88 శాతం. దాదాపు సమానం. పవర్ విషయంలో ఇద్దరికీ తేడా లేదని చెప్పడానికి ఇది చాలు.

శిఖరం మీద

ఇద్దరి కెరీర్‌లోనూ ఒక రాత్రి ఉంది, ప్రపంచం మొత్తం భయపడిన రాత్రి.

ఫోర్‌మన్‌కి అది 1973 జనవరి 22. జమైకాలోని కింగ్‌స్టన్. ఎదురుగా జో ఫ్రేజియర్. అప్పటికి ఓటమి ఎరగని ఛాంపియన్, రెండేళ్ళ ముందే మహమ్మద్ అలీని ఓడించినవాడు. ఫ్రేజియరే గెలుస్తాడని ఎక్కువమంది లెక్క. రెండు రౌండ్లలో ఆరుసార్లు కిందపడ్డాడు ఫ్రేజియర్. ఆరుసార్లు! ఒకసారైతే పంచ్ దెబ్బకి కాళ్ళు గాల్లోకి లేచాయి. తర్వాత ఏడాది కెన్ నార్టన్, ఇతనూ అలీని ఓడించినవాడే, రెండు రౌండ్లు కూడా పూర్తిగా నిలబడలేదు.

టైసన్‌కి అది 1988 జూన్ 27. అట్లాంటిక్ సిటీ. ఎదురుగా మైకేల్ స్పింక్స్, ఇతనూ ఓటమి ఎరగనివాడే. మ్యాచ్ మొత్తం 91 సెకన్లు. డబ్బులు పెట్టి టికెట్ కొన్నవాళ్ళు సీట్లో సర్దుకుని కూర్చునేలోపు అయిపోయింది. అప్పటికి టైసన్ చేతిలో డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్ మూడు బెల్టులూ ఉన్నాయి. వయసు ఇంకా 22 కూడా నిండలేదు. ఒంటి మీద రోబ్ లేదు, కాళ్ళకి సాక్స్ లేవు, నల్ల షార్ట్స్, నల్ల బూట్లు. అవతలివాళ్ళు రింగ్‌లోకి రాకముందే సగం ఓడిపోయేవాళ్ళు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. శిఖరం మీద చూస్తే టైసన్ ఎక్కువ ఆకట్టుకుంటాడు. స్పీడ్, డిఫెన్స్, కాంబినేషన్లు, అన్నీ ఉన్నాయి. యంగ్ ఫోర్‌మన్‌లో అంత పాలిష్ లేదు. కాకపోతే ఎదురుగా ఎవరున్నారో కూడా చూడాలి. ఫోర్‌మన్ పడగొట్టిన ఫ్రేజియర్ అప్పటికి ప్రపంచంలోనే నంబర్ వన్. టైసన్ 1988 జనవరిలో పడగొట్టిన లారీ హోమ్స్ గొప్ప ఛాంపియనే గానీ, అప్పటికి 38 ఏళ్ళు, రిటైరై దాదాపు రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చాడు. అయినా హోమ్స్‌ని అంత పొడుగు కెరీర్‌లో నాకౌట్‌తో ఓడించింది టైసన్ ఒక్కడే. ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే.

పడిన రోజు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

1974 అక్టోబర్ 30. ఆఫ్రికాలోని జైర్ దేశం, ఇప్పుడు కాంగో అంటాం. రాజధాని కిన్షాసా. అమెరికాలో టీవీ టైమింగ్ కోసం తెల్లవారుజామున నాలుగింటికి మ్యాచ్ పెట్టారు. ఫోర్‌మన్ రికార్డు 40 మ్యాచ్‌లు, 40 గెలుపులు, 37 నాకౌట్లు. ఎదురుగా 32 ఏళ్ళ అలీ. అలీకి ఏమైనా అవుతుందేమోనని అతని మనుషులే భయపడ్డారు. అలీ ఏం చేశాడు? తాళ్ళకి ఆనుకుని, చేతులు అడ్డం పెట్టుకుని, కొట్టుకోరా అన్నట్టు నిలబడ్డాడు. ఫోర్‌మన్ కొట్టాడు, కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. ఆ ఉక్కలో ఏడు రౌండ్లయ్యేసరికి చేతులు లేవట్లేదు. ఎనిమిదో రౌండ్‌లో అలీ నాలుగైదు పంచ్‌లు వేశాడు, ఫోర్‌మన్ కింద ఉన్నాడు.

1990 ఫిబ్రవరి 11. టోక్యో డోమ్. టైసన్ 37 మ్యాచ్‌లు, 37 గెలుపులు. ఎదురుగా బస్టర్ డగ్లస్. అతను గెలుస్తాడని ఒక డాలర్ పందెం కాస్తే 42 డాలర్లు ఇస్తామన్నారు. డగ్లస్ వాళ్ళమ్మ చనిపోయి అప్పటికి మూడు వారాలే. టైసన్ క్యాంప్ చూస్తే, డమాటో పద్ధతి తెలిసిన ట్రైనర్ కెవిన్ రూనీని 1988లోనే తీసేశారు. కొత్త కార్నర్ వాళ్ళు ఎంత తేలిగ్గా తీసుకున్నారంటే, కంటి వాపు తగ్గించడానికి వాడే చల్లటి ఇనుప ముక్క కూడా తెచ్చుకోలేదు. రబ్బర్ గ్లవ్‌లో చల్లటి నీళ్ళు నింపి కంటికి అద్దారు! ఎనిమిదో రౌండ్‌లో టైసన్ డగ్లస్‌ని పడగొట్టాడు గానీ అతను లేచాడు. పదో రౌండ్‌లో టైసన్ పడ్డాడు. జీవితంలో మొదటిసారి. నేల మీద తడుముకుంటూ మౌత్‌పీస్ వెతికి, దాని అంచు నోట్లో పెట్టుకుని లేవబోయాడు. రిఫరీ ఆపేశాడు.

ముఖం మీద దెబ్బ పడేదాకా అందరి దగ్గరా ప్లాన్ ఉంటుంది అనే టైసన్ డైలాగ్ మీరు వందసార్లు విని ఉంటారు. టోక్యోలో ఆ మాట టైసన్‌కే వర్తించింది.

ఈ రెండు మ్యాచ్‌లనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే కథ. భయపెట్టి గెలిచేవాడి ముందుకి, భయపడని ఒకడు వచ్చాడు. భయం పనిచేయనప్పుడు రెండో ప్లాన్ లేదు. ఇక్కడిదాకా ఇద్దరూ సమానం. దారులు చీలింది ఇక్కడే.

తర్వాత ఏం చేశారు?

ఫోర్‌మన్ ఏమీ వెంటనే మహాత్ముడు అయిపోలేదండి. ఓడిపోయాక సాకులు వెతికాడు. తాళ్ళు వదులుగా ఉన్నాయన్నాడు, నీళ్ళలో ఏదో కలిపారన్నాడు. 1976లో రాన్ లైల్‌తో ఒక మ్యాచ్ ఆడాడు, అది తప్పకుండా చూడండి. ఇద్దరూ పడ్డారు, ఇద్దరూ లేచారు, చివరికి ఐదో రౌండ్‌లో ఫోర్‌మన్ గెలిచాడు. 1977 మార్చిలో ప్యూర్టో రికోలో జిమ్మీ యంగ్ చేతిలో ఓడిపోయాడు. ఆ రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో, విపరీతమైన అలసటలో, చచ్చిపోతున్నట్టు అనిపించి దేవుణ్ణి పిలిచానని చెప్పుకున్నాడు. దాన్ని మీరు నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. ఫలితం మాత్రం కళ్ళముందు ఉంది. 28 ఏళ్ళకి బాక్సింగ్ వదిలేశాడు. హ్యూస్టన్‌లో పాస్టర్ అయ్యాడు. 1984లో అక్కడే పిల్లల కోసం ఒక యూత్ సెంటర్ పెట్టాడు, తను పెరిగినట్టు వీధిలో పెరిగే కుర్రాళ్ళ కోసం.

ఆ సెంటర్ నడపడానికి డబ్బులు కావాలి. అందుకే 1987లో, పదేళ్ళ గ్యాప్ తర్వాత, 38 ఏళ్ళ వయసులో, దాదాపు 120 కిలోల బరువుతో రింగ్‌లోకి వచ్చాడు. అందరూ నవ్వారు. ఫోర్‌మన్ కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. బర్గర్లు తింటానని తన మీద తనే జోకులు వేసుకున్నాడు. కుర్రతనంలో ఎవరి ముఖం చూసి పలకరించనివాడు, ఇప్పుడు టీవీ షోల్లో అందరికీ ఇష్టమైన మావయ్యలా అయిపోయాడు.

ఆటా మార్చుకున్నాడు. వేగంగా కొడితే అలసట వస్తుందని కిన్షాసాలో తెలిసింది కదా. ఈసారి నెమ్మదిగా, జాబ్ వేస్తూ, చేతులు అడ్డంగా మడిచి డిఫెన్స్ చేస్తూ ఆడాడు. రౌండ్ల మధ్య స్టూల్ మీద కూర్చునేవాడు కాదు, నిలబడే ఉండేవాడు. 1991లో 42 ఏళ్ళ వయసులో ఛాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ నిలబడి పాయింట్ల మీద ఓడాడు. ఆ రోజు నుంచి నవ్వడం ఆగిపోయింది.

ఇక 1994, మూరర్ మ్యాచ్. కిన్షాసాలో వేసుకున్న అవే ఎర్ర షార్ట్స్ వేసుకుని వచ్చాడు. కార్నర్‌లో ఎవరున్నారో తెలుసా? ఏంజెలో డండీ. ఇరవై ఏళ్ళ క్రితం కిన్షాసాలో అలీ కార్నర్‌లో నిలబడిన మనిషి! తొమ్మిది రౌండ్లు మూరర్ కొడుతూనే ఉన్నాడు. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ ఫోర్‌మన్ వెనకబడ్డాడు. పదో రౌండ్‌లో ఒక జాబ్, వెనకే ఒక కుడి చేతి పంచ్. పొట్టి పంచ్, చూడ్డానికి ఏమీ లేదు. మూరర్ లేవలేదు. ఫోర్‌మన్ మూలకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు. ఒకప్పుడు అలీ తన మీద వాడిన ఓపికనే ఈసారి ఫోర్‌మన్ వాడుకున్నాడు.

అదే ఏడాది మార్కెట్‌లోకి జార్జ్ ఫోర్‌మన్ గ్రిల్ వచ్చింది. పది కోట్లకి పైగా అమ్ముడుపోయింది. 1999లో అతని పేరు వాడుకునే హక్కు కోసం ఆ కంపెనీ 13 కోట్ల 75 లక్షల డాలర్ల డీల్ చేసుకుంది. అమెరికాలో ఒక తరం పిల్లలకి ఫోర్‌మన్ అంటే బాక్సర్ కాదు, వంటింట్లో గ్రిల్ మీద పేరు.

టైసన్ సంగతి? 1992 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్ కోర్టు టైసన్‌ని రేప్ కేసులో దోషిగా తేల్చింది. బాధితురాలు 18 ఏళ్ళ అమ్మాయి. ఆరేళ్ళ శిక్ష పడింది, మూడేళ్ళకి కాస్త తక్కువ జైల్లో ఉండి 1995 మార్చిలో బయటికి వచ్చాడు. తను చేయలేదని టైసన్ ఇప్పటికీ అంటాడు. జ్యూరీ మాత్రం చేశాడనే తేల్చింది. ఈ మాట రీల్స్‌లో ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టి, స్లో మోషన్‌లో "లెజెండ్" అని రాసే ఎడిట్స్‌లో అస్సలు ఉండదు. లెగసీ గురించి మాట్లాడుతూ దీన్ని దాటేస్తే మనం మాట్లాడేది ప్రచారమే అవుతుంది.

బయటికి వచ్చాక 1996లో మళ్ళీ రెండు బెల్టులు గెలిచాడు. అదే ఏడాది నవంబర్‌లో హోలీఫీల్డ్ చేతిలో 11వ రౌండ్‌లో ఓడాడు. 1997 జూన్‌లో రీమ్యాచ్‌లో హోలీఫీల్డ్ చెవి కొరికాడు. లైసెన్స్ పోయింది, 30 లక్షల డాలర్ల ఫైన్ పడింది. కెరీర్ మొత్తంలో దాదాపు 30 కోట్ల డాలర్లు సంపాదించాడని చెప్తారు. 2003లో దివాలా పిటిషన్ వేశాడు.

న్యాయంగా ఉండాలి కాబట్టి ఇంకో మాట. ఫోర్‌మన్ కథ కూడా మచ్చలేనిదని చెప్పలేం. 2022లో ఇద్దరు మహిళలు, 1970ల్లో తాము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు తమపై లైంగిక దాడి చేశాడంటూ సివిల్ కేసులు వేశారు. ఫోర్‌మన్ ఆ ఆరోపణలని ఖండించాడు. ఆటలోనూ, మూరర్ తర్వాత 1995లో ఆక్సెల్ షుల్జ్ మీద వచ్చిన గెలుపు చాలామందికి నచ్చలేదు, షుల్జే గెలిచాడన్నారు.

ఒకే ప్రత్యర్థులు, రెండు లెక్కలు

"ఇద్దరూ ఒకళ్ళతోనే ఆడిన మ్యాచ్‌లు లేవా, వాటితో తేల్చేయొచ్చు కదా" అంటారు కొందరు. ఉన్నాయి, చూద్దాం.

హోలీఫీల్డ్‌తో 42 ఏళ్ళ ఫోర్‌మన్ 12 రౌండ్లు నిలబడ్డాడు. 30 ఏళ్ళ టైసన్ నిలబడలేకపోయాడు. అయితే ఫోర్‌మన్ గొప్ప అంటారా? ఆగండి. అలెక్స్ స్టీవర్ట్‌ని టైసన్ 1990లో మొదటి రౌండ్‌లోనే పంపించేశాడు. అదే స్టీవర్ట్‌తో 1992లో ఫోర్‌మన్ ముఖం వాచిపోయి, పాయింట్ల మీద కష్టంగా గెలిచాడు. లూ సవరీస్‌ని టైసన్ 2000లో 38 సెకన్లలో ముగించాడు. ఫోర్‌మన్‌కి 1997లో అదే సవరీస్ మీద ముగ్గురు జడ్జీల్లో ఇద్దరే ఓటేశారు. అప్పటికి వయసు 48 అనుకోండి.

అంటే ఒక లెక్క ఇటు చెప్తుంది, రెండు లెక్కలు అటు చెప్తాయి. వయసులు వేరు, స్టైల్స్ వేరు. బాక్సింగ్‌లో ఏ అనే వాడు బీని కొట్టి, బీ సీని కొడితే, ఏ సీని కొడతాడని గ్యారంటీ లేదు. ఫ్రేజియర్ అలీని కొట్టాడు, ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని కొట్టాడు, అలీ ఫోర్‌మన్‌ని కొట్టాడు. అక్కడే అయిపోయింది కదా లాజిక్.

ఇంకో సరదా విషయం. 1990 జూన్ 16న లాస్ వేగాస్‌లో ఇద్దరూ ఒకే రాత్రి, ఒకే రింగ్‌లో ఆడారు. వేరే వేరే ప్రత్యర్థులతో. ఫోర్‌మన్ రెండో రౌండ్‌లో గెలిచాడు, టైసన్ మొదటి రౌండ్‌లో. తర్వాత వీళ్ళిద్దరికీ మ్యాచ్ అని మాటలు నడిచాయి గానీ జరగలేదు. ఇద్దరూ అంత దగ్గరికి వచ్చింది ఆ ఒక్క రాత్రే.

మరి ఎవరి లెగసీ గొప్ప?

పాపులారిటీ అయితే టైసన్‌దే, డౌటే లేదు. 1987లో నింటెండో అతని పేరుతో గేమ్ తీసింది. మన దగ్గర చూస్తే, 2022లో పూరి జగన్నాథ్ "లైగర్" సినిమాలో విజయ్ దేవరకొండ ఎదురుగా నిలబడింది టైసనే. 2024 నవంబర్‌లో 58 ఏళ్ళ వయసులో జేక్ పాల్‌తో ఆడితే నెట్‌ఫ్లిక్స్‌లో కోట్లమంది చూశారు. పాయింట్ల మీద ఓడిపోయాడు, అయినా జనం చూసింది అతన్నే.

దీనికి కారణం మన చేతిలో ఉన్న ఫోనే. 91 సెకన్ల నాకౌట్ రీల్‌లో సరిపోతుంది. పదేళ్ళు ఆగి, లావెక్కి, నవ్వించుకుని, తొమ్మిది రౌండ్లు దెబ్బలు తిని, పదో రౌండ్‌లో గెలిచేది రీల్‌లో పట్టదు. అందుకని మనకి టైసన్ 22 ఏళ్ళ దగ్గరే ఆగిపోయి కనిపిస్తాడు. ఫోర్‌మన్ అసలు కనిపించడు.

నా సమాధానం ఇది. మూడు, నాలుగేళ్ళ పీక్ తీసుకుంటే టైసన్. మొత్తం జీవితం తీసుకుంటే ఫోర్‌మన్, అదీ కాస్త దూరంగానే. కారణం ఒకటే. ఇద్దరూ ఒకే ఓటమి ఓడారు. ఫోర్‌మన్ ఆ ఓటమిని విప్పి చూసుకున్నాడు. ఎందుకు అలసిపోయాను, ఎందుకు భయపెట్టడం తప్ప ఇంకేమీ రాలేదు అని తెలుసుకుని, మనిషినీ ఆటనీ రెండిటినీ మళ్ళీ కట్టుకున్నాడు. టైసన్‌కి ఆ పని నేర్పాల్సిన మనిషి 1985లోనే పోయాడు. మిగిలినవాళ్ళలో చాలామంది చూసింది అతని పంచ్‌నీ, దాని మీద వచ్చే డబ్బునీ. అది జాలిపడాల్సిన విషయమే. కానీ ఒక అమ్మాయికి జరిగినదానికి అది సమాధానం అవ్వదు. డమాటో చెప్పిన నిప్పు పాఠం ఉంది చూశారా, ఫోర్‌మన్ ఆయన దగ్గర ఎప్పుడూ శిక్షణ తీసుకోలేదు, అయినా ఆ పాఠం బతికి చూపించింది ఫోర్‌మనే అనిపిస్తుంది నాకు.

పెద్దయ్యాక టైసన్ కూడా మారే ప్రయత్నం చేశాడు. తన పాత బతుకు గురించి పాడ్‌కాస్ట్‌లో దాచకుండా మాట్లాడతాడు, పావురాలు పెంచుకుంటున్నాడు. దానికి విలువ ఉంది. కాకపోతే ఆ మార్పు గ్లవ్స్ పక్కన పెట్టాక వచ్చింది. ఫోర్‌మన్ మారి, మారిన మనిషిగా మళ్ళీ రింగ్‌లోకి వచ్చి గెలిచాడు.

ఒక దృశ్యం చెప్పి ముగిస్తాను. 1997 ఆస్కార్ వేడుకలో కిన్షాసా మ్యాచ్ మీద తీసిన డాక్యుమెంటరీకి అవార్డు వచ్చింది. పార్కిన్సన్స్‌తో వణుకుతున్న అలీ స్టేజ్ ఎక్కాలి. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని ఎక్కించింది ఫోర్‌మన్. తనని పడగొట్టిన మనిషిని. యూట్యూబ్‌లో ఉంది, ఈ రాత్రి ఏదో ఒక నాకౌట్ వీడియో బదులు అది చూడండి.

మీరు టైసన్ వైపా, ఫోర్‌మన్ వైపా? కారణంతో సహా చెప్పండి. ఉత్తి పేరు రాస్తే ఒప్పుకోను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.